వెండి నిజమే, నాణెం అబద్ధం

ఆన్‌లైన్ వేలంలో పాత వెండి రూపాయి కొన్నవాళ్ళు చాలామంది, పార్సిల్ చేతికి రాగానే దాన్ని జేబులో వేసుకుని చార్‌కమాన్‌కో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌కో వెళ్ళి టంచ్ చేయిస్తారు. దుకాణంవాళ్ళు మిషన్‌లో పెడతారు, కాసేపట్లో చీటీ చేతికొస్తుంది, వెండి 91 శాతం అని ఉంటుంది. ఇక నాణెం అసలుదేనని ధీమాగా ఇంటికి వచ్చేస్తారు. ఆ చీటీ చెప్పింది ఒక్కటే, పైపొరలో ఉన్నది వెండి అని. నాణెం ఏ టంకశాలలో ఏ ఏడాది అచ్చయిందో చెప్పడం ఆ మిషన్ పని కాదు.

మనల్ని నిజంగా ముంచే నకిలీలు జర్మన్ సిల్వర్‌తో, అంటే వెండే లేని రాగి, నికెల్, జింకు మిశ్రమంతో చేసినవి కావు. అవి బరువు దగ్గరో, మోత దగ్గరో దొరికిపోతాయి. ముంచేవి మంచి వెండితో, కావలసినంత బరువుతో, శ్రద్ధగా అచ్చు కొట్టినవి. వాటిని పట్టుకోవాలంటే లోహం పరీక్ష కన్నా ముందు నాణేన్ని చదవడం రావాలి. ఆ చదువు నకిలీలను చూడకుండా రాదు. అందుకే తెలిసో తెలియకో చేతికొచ్చిన నకిలీని పారేయకూడదని, తిరిగి అమ్మనే కూడదని, నకిలీ అని రాసిపెట్టి దాచాలని నా వాదన. చాలామంది సేకర్తలకు ఈ మాట నచ్చదు. ఎందుకంటున్నానో చెబుతాను.

మంచి వెండితో నకిలీ ఎందుకు చేస్తారంటే, లెక్క కుదురుతుంది కాబట్టి. మామూలు రూపాయికి, అరుదైన సంవత్సరం రూపాయికి ధరలో ఉన్న తేడాతో పోలిస్తే అందులో పడే వెండి ఖర్చు చాలా చిన్నది. పైగా సగం పని బజార్లోనే జరిగిపోతోంది. ధన్‌తేరస్‌కి, దీపావళికి విక్టోరియా రాణి బొమ్మతోనో జార్జి రాజు బొమ్మతోనో కొత్త వెండి బిళ్ళలు అచ్చు వేసి అమ్ముతారు. దుకాణంలో వాటిని పూజకని, వెండి బిళ్ళలనే చెప్పి అమ్ముతారు, అందులో మోసమేమీ లేదు. నాలుగు చేతులు మారాక, కాస్త నల్లబడ్డాక, అదే బిళ్ళ 'తాతల నాటి రూపాయి' అని వేలంలోకి ఎక్కుతుంది. అలాంటివాటిలో చాలా వరకు సరిగ్గా 10 గ్రాములు తూగుతాయి. బ్రిటిష్ రూపాయి గానీ నిజాం రూపాయి గానీ సరిగ్గా 10 గ్రాములకి అచ్చు వేసినవి కావు.

వేలం పాడకముందు చేసే లెక్క

1835 నుంచి 1939 దాకా వచ్చిన బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు. అంటే పాత లెక్కలో తులం. ఇవాళ మన నగల దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములే, కాబట్టి 'తులం బరువు ఉంది సార్' అని అమ్మకందారు రాస్తే గ్రాముల్లో ఎంతో అడగాలి. ఆ రూపాయిలో వెండి 91.7 శాతం, అంటే అసలు వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా బరువు మారలేదు కానీ వెండి సగానికి పడిపోయింది. మిగతా సగంలో రాగి 40 శాతం, నికెల్ 5, జింకు 5. అందులో అసలు వెండి 5.83 గ్రాములే. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, అది పూర్తిగా నికెల్. అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా. '1947 స్వాతంత్ర్య సంవత్సరపు వెండి రూపాయి' అని ఎవరైనా అమ్ముతుంటే, ఆ నాణెం అసలుదే అయినా వర్ణన అబద్ధం.

ఆ రోజు కిలో వెండి ధరను వెయ్యితో భాగించి, 10.69తో గుణించండి. ఆ రూపాయిని కరిగిస్తే వచ్చే డబ్బు అది. దానికన్నా తక్కువకి 'అసలు విక్టోరియా రూపాయి, ఇప్పుడే కొనండి' అని ఉంటే ముందుకు వెళ్ళనక్కర్లేదు. నాణేల గురించి ఏమీ తెలియనివాళ్ళకైనా వెండి రేటు తెలుసు, కరిగించే ధరకన్నా తక్కువకి ఎవరూ ఇవ్వరు. 99 రూపాయలకి మొదలయ్యే వేలం వేరు, అక్కడ మొదటి ధరకి అర్థం లేదు, ముగిసే ధరనే చూడాలి. అదే అమ్మకందారు గత వేలాలు ఎంతకి ముగిశాయో చూస్తే సంగతి తెలిసిపోతుంది. నెలకి ఇరవై 'అరుదైన' రూపాయలు కరిగించే ధరలో సగానికి అమ్ముకుంటున్నవారి దగ్గర ఉన్నది వెండి కాదు.

హైదరాబాదు వాళ్ళకి ఇంకో లెక్క ఉంది. నిజాం చార్మినార్ రూపాయి, అంటే హాలీ సిక్కా, 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అసలు వెండి 9.15 గ్రాములు. బ్రిటిష్ రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవాళ్ళు. నూరు కల్దార్ రూపాయలకి మారకం 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు, అంటే ఆరుకి ఏడు. 10.69ని 9.15తో భాగించి చూడండి, 1.168 వస్తుంది. ఏడుని ఆరుతో భాగిస్తే 1.167. ఆనాటి మారకం రేటు దాదాపుగా వెండి లెక్కే. ఇది తెలియక, కల్దార్ కొలతలతో నిజాం రూపాయిని తూచి 'బరువు తక్కువ, వెండి తక్కువ, నకిలీ' అని మంచి నాణేన్ని తిప్పి పంపేవాళ్ళున్నారు. దీనికి తిరకాసు కూడా ఉంది: 11.66 గ్రాములు తూగే చార్మినార్ రూపాయి వస్తే సంతోషించకూడదు, అనుమానించాలి. నకిలీ చేసినవాళ్ళు బ్రిటిష్ రూపాయి కొలతతో బిళ్ళ కోశారన్నమాట.

నాణేన్ని చదవడం

చార్మినార్ రూపాయి మీద బొమ్మ వైపు చార్మినార్ నడిమి ద్వారంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అది 'మీమ్', ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 'ఐన్'. మహబూబ్ అలీ ఖాన్ పోయింది, ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టులో, అది ఇస్లామిక్ పంచాంగం ప్రకారం హిజ్రీ 1329. కాబట్టి హిజ్రీ 1325 తేదీతో 'ఐన్' ఉన్న నాణెం ఉండటానికి వీల్లేదు. హిజ్రీ సంవత్సరంతో పాటు నాణెం మీద జులూస్ సంవత్సరం, అంటే గద్దెనెక్కి ఎన్నేళ్ళయిందో, అది కూడా ఉంటుంది. 1330 హిజ్రీకి జులూస్ 1 గానీ 2 గానీ రావాలి. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు, పదేళ్ళ తేడా రాదు. నకిలీ అచ్చు చెక్కినవాళ్ళకి ఆ లిపి రాదు. ఒక నాణెం నుంచి బొమ్మ వైపు, ఇంకో నాణెం నుంచి బొరుసు వైపు తీసుకుని జత చేస్తారు. ఉర్దూ చదవడం రాకపోయినా పది అంకెలు నేర్చుకుంటే ఈ లెక్క మీరే చూసుకోగలరు. సున్నా ఒక చుక్క, అయిదు గుడ్డు ఆకారం, మన కంటికి సున్నాలా కనబడేది అయిదు అని గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

కల్దార్ రూపాయల్లోనూ ఇలాంటి తాళంచెవులు ఉన్నాయి. 1911 అయిదో జార్జి రూపాయినే తీసుకోండి. రాజు దుస్తుల మీది ఏనుగుకి తొండం పొట్టిగా చెక్కారు, చూసినవాళ్ళు పంది అన్నారు, గొడవ అయింది, 1912 నుంచి తొండం పొడుగు చేశారు. అందుకే 1911 నాణేనికి గిరాకీ. మామూలు 1912 రూపాయి మీది చివరి అంకెను గీకి 1911 చేసేవాళ్ళున్నారు. వాళ్ళు అంకె మార్చగలరు, తొండం మార్చలేరు. తేదీ 1911, తొండం పొడుగు అయితే ఇక లోహం పరీక్ష ఎందుకు?

1939 రూపాయి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఆరో జార్జి నాణేల్లో అందరూ వెతికేది, అందరూ మోసపోయేది అదే. అసలు 1939 రూపాయి 91.7 శాతం వెండి, అంచున మామూలు నిలువు పళ్ళు. 1940 నుంచి వచ్చిన సగం వెండి రూపాయికి సెక్యూరిటీ ఎడ్జ్ పెట్టారు, పళ్ళ మధ్యలో చుట్టూ ఒక గాడి తిరిగి ఉంటుంది. నకిలీ 1939 రెండు దారుల్లో వస్తుంది. మొదటిది 1940 తర్వాతి నాణెం తీసుకుని చివరి రెండంకెలు మార్చడం. దీనిని అంచు ఫొటోతోనే పట్టేయొచ్చు, గాడి కనబడితే 1939 కాదు. అందుకే అంచు ఫొటో అడిగితే అమ్మకందారు దాటవేస్తుంటాడు. అంచు అరగదీసి గాడి తీసేస్తే బరువు తగ్గుతుంది, చుట్టుకొలత తగ్గుతుంది, అప్పుడూ సాంద్రత బయటపెడుతుంది. రెండో దారి కష్టమైనది: 1938 రూపాయి మీది 8ని 9 చేయడం. అక్కడ అదే వెండి, అదే బరువు, అదే అంచు. ఏ మిషనూ పట్టుకోలేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టి, పక్క నుంచి వెలుతురు వేసి, చివరి అంకె చుట్టూ నేలని, అంటే బొమ్మలూ అక్షరాలూ లేని చదును భాగాన్ని చూడాలి. అచ్చులో పడిన అంకెకి నేల అంకె మొదలు దాకా ఒకే తీరులో పారి ఉంటుంది. గీకిన చోట నేల కాస్త పల్లమవుతుంది, సన్నటి గీతలు ఒకే దిక్కుకి ఉంటాయి, రంగు చుట్టుపక్కల కన్నా తాజాగా ఉంటుంది. ఇంకో అంకె అతికించి ఉంటే మొదట్లో టంకం జాడ, చిన్న మెరుపు గీతలా తగులుతుంది. ఒక్క ఫొటోతో ఇది తేలదు. వెలుతురును నాలుగు వైపుల నుంచి మార్చి తీసిన నాలుగు ఫొటోలు కావాలి. ఆ నాలుగూ ఇవ్వని చోట 1939 కొనొద్దు, అంతే.

చేత్తో కొట్టిన పాత రూపాయలు, మొఘల్, ఆర్కాటు, మచిలీపట్నం టంకశాలల నాణేలు, వేరే తరహా. వాటి అచ్చు బిళ్ళ కన్నా పెద్దది. అందుకే ఏ నాణెం మీదా అక్షరాలు పూర్తిగా పడవు, ఒక పక్క తెగిపోతాయి. అన్ని అక్షరాలూ చక్కగా మధ్యకి పడ్డ రూపాయి అరుదు, దానికి ధర కూడా అలాగే ఉంటుంది. అలాంటిది చౌకగా వస్తే అచ్చును బిళ్ళకి సరిపడా చిన్నదిగా చెక్కారని అర్థం. శాతవాహనుల వెండి నాణేల సంగతి ఇంకా జాగ్రత్త. కోటిలింగాల, కొండాపూర్‌లలో దొరికిన శాతవాహన నాణేల్లో ఎక్కువ భాగం సీసం, రాగి. రాజు ముఖం ఉన్న వెండి నాణేలు చాలా తక్కువ, బరువు రెండు గ్రాముల చుట్టుపక్కల. అలాంటివి అయిదారు ఒకే వారంలో ఒకే ఖాతాలో అమ్మకానికి వస్తే వాటి మీద ఇంకే పరిశోధనా అక్కర్లేదు. కొనేముందు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకీ, సైఫాబాద్ పాత టంకశాలలోని మ్యూజియంకీ వెళ్ళి అసలు నాణేల ముందు ఓపిగ్గా నిలబడితే, ఫొటోలు నేర్పనిది కంటికి అందుతుంది.

ఫొటో ఏం చెబుతుంది

వేలంలో మన చేతికి ముందు వచ్చేది ఫొటోనే. ఎదురుగా తీసిన రెండు వైపుల ఫొటోలు, అంచు ఫొటో, అంకె కనబడేలా తూకం మీద పెట్టిన ఫొటో, ఆ రోజు తేదీ చేత్తో రాసిన చీటీ పక్కన పెట్టిన ఫొటో అడగండి. చివరిది ఎందుకంటే, అమ్మకందారు దగ్గర ఆ నాణెం అసలు ఉందో లేదో తేలాలి. ఇంకెక్కడి నుంచో ఎత్తుకొచ్చిన ఫొటో పెట్టి వేరే నాణెం పంపడం మామూలైపోయింది. గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తే అదే ఫొటో మూడు చోట్ల ప్రత్యక్షమవుతుంది.

పోత నకిలీని, అంటే కరిగించిన లోహాన్ని మూసలో పోసి చేసినదాన్ని, ఫొటోలోనే గుర్తుపట్టొచ్చు, చూడాల్సిన చోటు తెలిస్తే. చేతులు మారి అరిగిన నాణేనికి ఎత్తుగా ఉన్నవే ముందు అరుగుతాయి. విక్టోరియా బొమ్మకి చెవి మీది జుట్టు, కిరీటం అంచు. చార్మినార్‌కి మినార్ల గీతలు. ఎత్తులు నున్నగా చదునైపోయినా పల్లాల్లో అక్షరాల మొదళ్ళు పదునుగానే ఉంటాయి. పోతలో అలా కాదు, ఎత్తూ పల్లమూ ఒకే మెత్తదనంతో ఉంటాయి. నేల మీద గసగసాలు చల్లినట్టు చిన్న చిన్న గుంటలు, బొడిపెలు. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి 30.5 మిల్లీమీటర్ల రూపాయి పోతలో 30 దాకా తగ్గుతుంది. అంచున అతుకు గీత, దాన్ని దాచడానికి ఆకురాయితో రుద్దిన జాడ.

నలుపు కూడా నమ్మదగ్గది కాదు. వెండి నెమ్మదిగా నల్లబడితే అక్షరాల మూలల్లో ముదురుగా, తెరిచి ఉన్న చోట పలచగా, మధ్యలో రంగులు మెల్లగా మారుతూ ఉంటుంది. గంధకం మందుతో ఒక్క రోజులో నల్లబరిచినది అంతటా ఒకే మసి, ఎత్తుల మీద కూడా. నాణేన్ని రుద్ది చూడమని చెప్పను, అసలుదైతే విలువ పోతుంది.

నకిలీని పట్టే పరీక్షలన్నిటిలో నాకు గట్టి నమ్మకం ఉన్నది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. అచ్చు కొట్టిన మంచి నకిలీలకి ఒక తల్లి నాణెం ఉంటుంది. అసలు నాణెం ఒకటి తీసుకుని దాని నుంచి అచ్చు తీస్తారు. ఆ తల్లి నాణెం మీద ఎక్కడో ఒక గాటు, రాజు చెంప మీద ఒక గీత, అంచున ఒక నొక్కు ఉంటుంది. ఆ గాటు అచ్చులోకి వెళ్ళి, అచ్చు నుంచి ప్రతి పిల్ల నాణెం మీదకీ వస్తుంది. చలామణిలో తిరిగిన రెండు అసలు నాణేలకి ఒకే చోట, ఒకే కొలతలో, ఒకే వంపులో గాటు పడదు. కాబట్టి రెండు వేర్వేరు నాణేల ఫొటోల్లో ఒకే గాటు కనబడితే రెండూ అనుమానమే, వాటిలో ఒకటి తల్లి నాణెమే అయితే తప్ప. అరుదైన సంవత్సరాల నాణేలు అమ్మకానికి వచ్చినప్పుడల్లా, కొనకపోయినా సరే, ఫొటోలు దాచుకోండి. ఒక సంవత్సరానికి ఒక ఫోల్డర్. కొత్తది కనబడినప్పుడు రెండు ఫొటోలని ఫోన్‌లో ఒకదాని మీద ఒకటి సగం పారదర్శకంగా పెట్టి, తేదీ, రాజు ముక్కు, కిరీటం కొన ఈ మూడూ కలిసేలా జరపండి. బొమ్మ కలవడం సహజం, ఒకే టంకశాల. కలవకూడనివి దెబ్బలు. అవి కలిస్తే ఆగిపోండి.

నాణేలను పరీక్షించి, నంబరు వేసి సీలు చేసే ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థల ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న నాణెమైనా ఇదే పద్ధతి. డబ్బాలకి కూడా నకిలీలున్నాయి. నంబరు వాళ్ళ వెబ్‌సైట్‌లో కొడితే నిజమైన నంబరే అని వస్తుంది, ఎందుకంటే నిజమైన డబ్బా మీది నంబరునే కాపీ కొట్టారు. అక్కడ ఫొటో ఉంటే దానిలోని గీతలూ మరకలూ మీకు అమ్ముతున్న నాణెం మీద ఉన్నాయో లేదో చూడాలి.

చేతికొచ్చాక

పార్సిల్ విప్పడం మొదలుపెట్టే ముందే వీడియో మొదలవ్వాలి. చిరునామా చీటీ, సీలు, విప్పడం, నాణెం తూకం మీద పెట్టడం, అంకె కనబడటం, మధ్యలో ఎక్కడా ఆగకుండా. తిరిగి పంపే గడువు దాటకముందే పరీక్షలన్నీ అయిపోవాలి. 'ఇది అసలు నాణెమే అని నిర్ధారిస్తారా' అని కొనేముందే ఆ సైటు చాట్‌లోనే అడిగి, జవాబు రాయించుకోండి. వాట్సాప్‌కి రమ్మంటే వెళ్ళొద్దు, బయట డబ్బు కట్టొద్దు. గొడవొస్తే ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, డబ్బు మోసమైతే సైబర్ క్రైమ్ 1930.

సాంద్రత పరీక్షకి 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూకం చాలు. ముందు నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి. తూకం మీద చిన్న గ్లాసు పెట్టి, మూడొంతులు నీళ్ళు పోసి, అంకెని సున్నా చేయండి. సన్నటి నైలాన్ దారానికి నాణెం కట్టి, పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుక్కీ గోడకీ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు కనబడే అంకె నాణెం ఘనపరిమాణం. పొడి బరువుని దానితో భాగిస్తే సాంద్రత. కల్దార్ రూపాయికి 11.66ని 1.13తో భాగిస్తే 10.3 వస్తుంది. నిజాం రూపాయికి నీళ్ళలో అంకె 1.10, సాంద్రత 10.1, 10.2 మధ్య. 1940 తర్వాతి సగం వెండి రూపాయికి 1.22, సాంద్రత 9.5. జర్మన్ సిల్వర్‌తో అదే బరువు తెచ్చి ఉంటే 1.34, సాంద్రత 8.7. అంటే ఆ బిళ్ళ ఘనపరిమాణం అయిదో వంతు ఎక్కువ, మందం కొలిచే వెర్నియర్ పెడితే చెప్పేస్తుంది.

తప్పులు ఎక్కువగా బుడగల వల్ల వస్తాయి. అంచు పళ్ళకి గాలి బుడగలు పట్టుకుంటే ఘనపరిమాణం ఎక్కువ చూపిస్తుంది, మంచి నాణెం నకిలీలా కనబడుతుంది. నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, నాణేన్ని ఒకసారి ముంచి ఆడించి మళ్ళీ ముంచితే పోతాయి. ఫ్యాన్ ఆపండి. మూడుసార్లు చేసి, మూడూ దగ్గరగా వస్తేనే నమ్మండి. అరిగిన నాణెం బరువు తగ్గుతుంది, సాంద్రత మాత్రం మారదు, ఈ పరీక్ష గొప్పదనం అదే. ఒక పరిమితి ఉంది: రెండు గ్రాముల శాతవాహన నాణేనికి నీళ్ళలో అంకె 0.19 వస్తుంది. అక్కడ 0.01 తేడా అంటే అయిదు శాతం పైనే, ఈ తూకం పనికిరాదు, 0.001 చూపేది కావాలి. దండలోంచి తీసిన రూపాయికి కొక్కెం పెట్టిన టంకం మిగిలి ఉంటే బరువూ సాంద్రతా రెండూ కాస్త తప్పుతాయి. నాణెం అసలుదే కావచ్చు, ధర మాత్రం సగానికి సగం తగ్గించి కొనాలి.

మోత పరీక్ష షరాబుల కాలం నుంచి ఉన్నదే. వేలి కొన మీద నిలిపి మెల్లగా తట్టితే వెండి సన్నగా, చాలాసేపు మోగుతుంది, సీసం నింపినది టక్కుమని ఆగిపోతుంది. పగులున్న అసలు నాణెం కూడా మోగదు, కాబట్టి ఈ ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు. టంచ్ మిషన్ సంగతి ముందే అన్నాను. అది వెండిలో కొన్ని పదుల మైక్రాన్ల లోతు మాత్రమే చదువుతుంది. పాత నాణెం పైపొరలో రాగి కరిగిపోయి వెండి శాతం పెరిగి ఉంటుంది, నిజాం రూపాయి 81.8కి బదులు 85 చూపినా కంగారు పడక్కర్లేదు. గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి.

అమ్మకందారు చెప్పే కథలకి మార్కులు వేయకండి. 'పొలం దున్నుతుంటే బిందెలో దొరికాయి' అంటే, అది అబద్ధమైతే మోసం, నిజమైతే ఇంకా ఇబ్బంది: 1878 నిధి చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కిందకి వస్తుంది, దేశం దాటించడానికి మనకి అనుమతి లేదు. అందుకని విదేశీ కొనుగోలుదారు ఎక్కువ ధర ఇస్తానన్నా పోస్టు చేయొద్దు. పాత నాణేలు కొంటామని రిజర్వ్ బ్యాంక్ పేరుతో ముందుగా కమీషన్, పన్ను అడిగేవాళ్ళ గురించి ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. ఇక రామదర్బారు బొమ్మతో 1616, 1818 తేదీలతో ఈస్టిండియా కంపెనీ పేరున్న బిళ్ళలు, బియ్యాన్ని లాగుతాయని చెప్పే రైస్ పుల్లింగ్ నాణేలు. కంపెనీ అలాంటివి ఎన్నడూ అచ్చు వేయలేదు. ఆ బియ్యంలో ఇనుప రజను కలుపుతారు. ఈ పేరుతో మన రెండు రాష్ట్రాల్లోనూ కుటుంబాలు లక్షలు పోగొట్టుకున్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది చెప్పడం మన బాధ్యత.

నకిలీల డబ్బా

డబ్బు తిరిగి రాని నకిలీతో ఏం చేయాలి? చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. నష్టం పూడ్చుకోవడానికి ఇంకొకరికి అంటగడతారు, 'ఉన్నది ఉన్నట్టుగా' అని చిన్న అక్షరాల్లో రాసి. ఇది మొదటి మోసం కన్నా తక్కువదేమీ కాదు, ఎందుకంటే ఇప్పుడు అమ్మేవారికి అది నకిలీ అని తెలుసు. 'నకిలీ' అని పెద్దక్షరాలతో చెప్పి అమ్మినా, కొన్నవారు ఆ మాట చెరిపేసి అమ్ముతారు. అమెరికాలో 1973 నుంచి నకళ్ళ మీద 'కాపీ' అని ముద్ర ఉండాలన్న చట్టం ఉంది. మన బజారులో తిరిగే వాటి మీద ఏ ముద్రా కనబడదు. రెండో పని కరిగించడం. శుభ్రమైన పనిలాగే అనిపిస్తుంది, కానీ పది గ్రాముల వెండి కోసం ఒక అచ్చు సాక్ష్యాన్ని పోగొట్టుకున్నట్టు. ఆ తల్లి నాణెం గాట్లు ఎక్కడున్నాయో చేత్తో పట్టుకుని, వెలుతురులో తిప్పి చూసి నేర్చుకునే అవకాశం ఫొటో ఇవ్వదు. రేపు అదే అచ్చు నుంచి వచ్చిన నాణేన్ని మీ స్నేహితుడు కొనబోతుంటే, ఆపగలిగేది మీ దగ్గరున్న ఈ నకిలీయే.

కాబట్టి దాచండి, అసలు వాటితో కలపకుండా, వేరే డబ్బాలో. పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్ళకి పచ్చటి జిగురు వదులుతాయి. నాణెం కార్డు మీద ఏ నాణేనికి నకిలీ, బరువు, వ్యాసం, మందం, నీళ్ళలో అంకె, పోతా అచ్చా, ఏ గాటు ఎక్కడుంది, ఎప్పుడు ఎంతకి కొన్నారు, అన్నీ రాయండి. గాటు ఎక్కడుందో చెప్పడానికి గడియారం ముల్లు పద్ధతి తేలిక: 'బొమ్మ వైపు, నాలుగు గంటల దగ్గర, అక్షరం కింద వంకర గీత'. అదే సంవత్సరపు మామూలు అసలు నాణెం ఒకటి, అరిగినదైనా సరే, జతగా కొనిపెట్టుకోండి. రెండూ పక్కపక్కన పెడితేనే కన్ను పదునెక్కుతుంది. నాణేల సంఘం సమావేశాలకి అసలు వాటితో పాటు ఈ డబ్బా కూడా తీసుకెళ్ళండి. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి అందులో నాలుగు చేతికిస్తే, నెలల తరబడి చెప్పినా ఎక్కనిది ఒక్క సాయంత్రంలో ఎక్కుతుంది.

కార్డు ఒక్కటే చాలదు. డబ్బా ఏదో ఒక రోజు ఇంకొకరి చేతికి వెళ్తుంది, కార్డు ఊడిపోతుంది, బిళ్ళ మళ్ళీ వేలంలోకి ఎక్కుతుంది. అందుకని నాణెం మీదే గుర్తు ఉండాలి. చెక్కే పెన్ను తీసుకుని అంచు మీద కాకుండా, బొరుసు వైపు నేల మీద, గాట్లు లేని చోట 'నకిలీ' అని చెక్కండి. అంచు మీదైతే ఆకురాయితో రెండు నిమిషాల్లో చెరిపేస్తారు. చెక్కేముందు రెండు వైపులా, అంచూ స్పష్టంగా ఫొటోలు తీసి ఫోల్డర్‌లో వేయండి. ఒకే అచ్చువి రెండు వస్తే రెండోదాన్ని ఫొటోలూ కొలతలూ తీసుకున్నాక కరిగించుకోవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు. ఒక్క షరతు: కరిగించే దుకాణంలో మీ కళ్ళ ముందే మూసలో వేయాలి.